తాళం వేసిన గొంతు

పోయిన వారం మనం అనౌన్సరమ్మను వినియోగదారుల కోర్టు వరండాలో, చెక్క బల్ల మీద, చేతికి కలమిచ్చి వదిలేసి వచ్చాం. ఇన్నాళ్లూ అలా కూర్చోబెట్టినందుకు ఆవిడ మనల్ని ఎన్ని తిట్టుకుందో తెలియదు. పైకి తిట్టే వీలు లేకపోవడమే కదా ఈ కథంతా.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. అనౌన్సరమ్మ రైల్వే స్టేషన్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో చెప్పడమే ఆవిడ పని. ఊళ్లో చాలామందికి ముఖం తెలియదు గానీ ఆ గొంతు తెలియనివాళ్లు లేరు. ఆ గొంతులోనే జబ్బు బయటపడింది. స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు ఆవిడ ఒక చిన్న కంపెనీ రికార్డింగ్ గదిలో రోజుల తరబడి వాక్యాలు చదివింది. ఆ గొంతును వాళ్లు 'పలుకుపెట్టె' అనే యాప్‌లో అమర్చి ఇచ్చారు. టాబ్ మీద టైపు చేసి మీట నొక్కితే ఆవిడ గొంతే పలికేది. 'ఒక్కసారి కొనండి, జీవితాంతం మాట్లాడండి' అని వాళ్ల ప్రకటన.

జీవితాంతమంటే తన జీవితమే అనుకుంది అనౌన్సరమ్మ. ఆ చిన్న కంపెనీని ఓ పెద్ద కంపెనీ కొనేసింది. ఒక ఉదయం అప్‌డేట్ అంటూ ఏదో వచ్చింది. ఆ తర్వాత మీట నొక్కితే ముక్కూ మొహం తెలియని ఆడమనిషెవరో రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు మాట్లాడింది. 'మీ పాత స్వరానికి సేవలు నిలిపివేశాం' అని తెర మీద ఒక్క ముక్క. వకీలుగా పనిచేసే కోడలు కంపెనీ మీద కేసు వేసింది. విచారణ రోజు పొద్దున్నే కంపెనీ వకీలు చిరునవ్వుతో ఎదురొచ్చి, రాజీ కాగితం చేతిలో పెట్టాడు. అక్కడ ఆగాం.

అనౌన్సరమ్మ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. కొత్త టాబ్ ఇస్తారట. రెడీమేడ్ గొంతుల్లో నచ్చినదాన్ని బతికున్నంత కాలం ఉచితంగా వాడుకోవచ్చట. బదులుగా కేసు వెనక్కి తీసుకోవాలి. ఆఖరి వాక్యం దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. 'జరిగిన విషయం గురించి ఫిర్యాదుదారు ఎక్కడా, ఎవరితోనూ మాట్లాడరాదు.'

ఆవిడ భుజాలు కదిలాయి. మెడకు చుట్టుకున్న నూలు రుమాలు పైకీ కిందికీ ఊగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనే ఉన్న భర్త కంగారు పడిపోయాడు.

"ఏడుస్తోందండీ! చూడండి, మా ఆవిణ్ని ఏడిపించారు మీరు!"

"మామయ్యా, అత్తయ్య నవ్వుతున్నారు" అంది కోడలు.

నిజమే. ఆవిడ నవ్వుతోంది. శబ్దం లేని నవ్వు కావడంతో ఆయనకు ఎప్పుడూ తెలిసి చావదు. పలుకుపెట్టెలో సొంత గొంతు ఆగిపోయినప్పటి నుంచి ఆయనే ఆవిడకు దుబాసీ. కిటికీ మూయమని చెయ్యి ఊపితే ఫ్యాను వేస్తాడు. ఆకలి లేదంటే ఇంకాస్త వడ్డిస్తాడు. చుట్టాలొచ్చినప్పుడు ఆవిడ తల అడ్డంగా తిప్పితే, "మిమ్మల్ని ఇంకో రెండు రోజులు ఉండమంటోంది" అని వాళ్లకు చెప్పి, ఆవిడ కొరకొరా చూస్తే, "చూశారా, ఎంత ప్రేమో" అన్నాడు. పలుకుపెట్టె పనిచేసినన్నాళ్లూ ఆయనకు ఆ ఉద్యోగం లేదు. ఆ అప్‌డేటు పుణ్యమా అని డ్యూటీలో చేరాడు.

అనౌన్సరమ్మ కలం తీసి, సంతకం పెట్టాల్సిన చోట గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం రాసి కాగితం తిరిగి ఇచ్చేసింది. కంపెనీ వకీలు చదువుకున్నాడు. 'మాట్లాడలేకే కదా నాయనా ఇక్కడికొచ్చింది!'

ఆయన చిరునవ్వు అలాగే ఉంది గానీ కాస్త ఎండిపోయింది. "లోపల చూసుకుందాం" అని నల్లకోటు సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

కోర్టు హాలు పెద్దదేమీ కాదు. ఎత్తు తక్కువ పైకప్పు, గోడవారగా ఇనుప బీరువాలు, రంగు వెలిసిన కుర్చీలు. సాక్షులు కూర్చునే బల్ల మీద వంకీ తిరిగిన మైకు ఒకటి ఉంది. అనౌన్సరమ్మ కూర్చోగానే అలవాటు కొద్దీ దాని మెడ పట్టుకుని తన పెదవులకు సరైన దూరంలోకి వంచింది. అంతలో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. కోడలు అది చూసి తల దించుకుని కాగితాలు వెతుకుతున్నట్టు నటించింది.

ఆ అమ్మాయి ఈ ఇంటికొచ్చేసరికే ఆపరేషన్ అయిపోయింది. అయినా అత్తగారి గొంతు ఆమెకు కొత్త కాదు. పెళ్లిచూపుల్లో టాబ్‌లోంచి "రా అమ్మా, కూర్చో" అని వినబడగానే ఉలిక్కిపడి లేచి నిలబడింది. "కాలేజీకి వెళ్లే రోజుల్లో ఈ గొంతు వినగానే సంచీ భుజాన వేసుకుని పరిగెత్తేదాన్నండీ" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. అత్తాకోడళ్ల స్నేహం అక్కడే మొదలైంది.

వెనక బల్లల నిండా జనం. కంపెనీ పుణ్యాన మాట పడిపోయినవాళ్లు వాళ్లంతా. ఒకాయన రిటైరైన బడిపంతులు, చేతిలో చిన్న నల్లపలక పట్టుకుని వచ్చాడు. మాట్లాడాలంటే సుద్దముక్కతో రాసి పైకెత్తి చూపిస్తాడు. అప్పటికే దాని మీద 'ధైర్యం' అని రాసి అనౌన్సరమ్మకు చూపించాడు.

కేసు వినే అధ్యక్షురాలు వచ్చి కూర్చుంది. కళ్లద్దాలకు గొలుసు కట్టుకున్న పెద్దావిడ. వచ్చీ రాగానే, "సాక్షి ఎలా మాట్లాడతారు?" అని అడిగింది.

"టాబ్‌లో కంపెనీవాళ్లిచ్చిన కొత్త గొంతుంది మేడమ్" అన్నాడు కంపెనీ వకీలు. "శుభ్రంగా పలుకుతుంది. వాడుకోవచ్చు."

అనౌన్సరమ్మ తల అడ్డంగా తిప్పింది. ఇంట్లో ఉప్పూ పప్పూ అడగడానికి ఆ రేకు డబ్బా గొంతును ఎలాగో భరించింది. తన గొంతు కోసం వచ్చిన చోట దానితో మాట్లాడితే సగం ఓడిపోయినట్టే అని ఇంటి దగ్గరే నిశ్చయించుకుంది.

"ఆవిడ తలతోనే జవాబు చెప్తారు మేడమ్" అంది కోడలు.

కంపెనీ వకీలుకు అది మరీ అనుకూలమైంది. అవునూ కాదులతో మనిషిని ఎక్కడ కావాలంటే అక్కడికి తోలుకుపోవచ్చు.

"అమ్మా, యాప్ మొదటిసారి తెరిచినప్పుడు షరతులు కనిపించాయా?"

ఆవిడ నిలువుగా తల ఊపింది.

"కింద 'అంగీకరిస్తున్నాను' అని ఉంటే నొక్కారా?"

మళ్లీ ఊపింది.

"చదివే నొక్కారా?"

అడ్డంగా తిప్పింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ చెవులు వేడెక్కాయి. చదవలేదు, నిజమే. అప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉంది. మెడ నిండా కుట్లు. కొడుకు టాబ్ పట్టుకుంటే ఆ మీట నొక్కి, "నేను బాగానే ఉన్నాను, ఏడవకురా" అని చెప్పింది. ఆ రోజు ఆ మీట మీద ఏం రాసి ఉన్నా నొక్కేదే. ఇదంతా తల ఊపి చెప్పడం ఎలా?

"అదండీ సంగతి" అని వకీలు చేతులు చాపాడు. "చదవరు, నొక్కుతారు, తర్వాత కోర్టుకొస్తారు. మేడమ్, ఆవిడ కొన్నది వస్తువు కాదు. వాడుకునే అనుమతి మాత్రమే. షరతుల్లో స్పష్టంగా ఉంది. ఎప్పుడైనా ఆపే హక్కు కంపెనీది. సినిమాకి టికెట్ కొన్నవాళ్లు రేపొచ్చి హాలు నాదంటే ఎలా?"

కోడలు లేచింది. "టికెట్ పోలిక బాగుంది మేడమ్. కాకపోతే చిన్న తేడా. ఆ తెర మీద కనిపిస్తున్నది మా అత్తయ్య."

అధ్యక్షురాలు పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. "వకీలుగారూ, మీ ఫోన్‌లో ఉన్న యాప్‌ల షరతులన్నీ మీరు చదివే నొక్కారా?"

"నా సంగతి వేరు మేడమ్."

"ఎలా వేరు?"

ఆయన చేతిలో కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. కానీ మనిషి గట్టివాడు, వెంటనే తేరుకుని తన అసలు అస్త్రం తీశాడు. "హక్కుల సంగతి అలా ఉంచండి. ఇవ్వాలన్నా ఇవ్వడానికి ఆ గొంతు లేదు. అది పాత సర్వర్‌లో ఉండేది. ఆ సర్వర్లు తీసేశాం. లేనిదాన్ని ఎక్కణ్నుంచి తెచ్చిస్తాం? మా సాంకేతిక విభాగం అధికారి చెప్తారు వినండి."

హాలంతా చల్లబడిపోయింది. పంతులుగారి పలక ఒళ్లోకి దిగిపోయింది. గెలిస్తే గొంతు తిరిగొస్తుందనే కదా అందరూ వచ్చింది. గెలిచినా రాదంటే?

సాక్షి బల్ల దగ్గరికి వచ్చిన మనిషిని చూసి అనౌన్సరమ్మ నిటారుగా కూర్చుంది. ఆ అధికారి ఎవరో కాదు. రికార్డింగ్ గదిలో గాజు అద్దానికి అవతల కూర్చున్న ఇంజనీరు. ఆవిడ గొంతు జీరపోతే గోరువెచ్చటి నీళ్లు తెచ్చిచ్చిన మనిషి. "ఇంకొక్కసారి అమ్మా, ఈసారి మీ అబ్బాయితో మాట్లాడుతున్నట్టు చదవండి" అని బతిమాలి చదివించిన మనిషి. చిన్న కంపెనీతో పాటు అతన్నీ పెద్ద కంపెనీ కొనేసుకుందన్నమాట. అతను ఆవిడ వైపు చూడలేదు. ప్రమాణం చేస్తున్నప్పుడు కూడా బల్ల అంచునే చూస్తున్నాడు.

"గొంతు సర్వర్ నుంచి వచ్చేది" అన్నాడు, అప్పజెప్పినట్టు. "టైపు చేసింది సర్వర్‌కి వెళ్లి, అక్కడ మాటగా మారి వెనక్కి వచ్చేది. సర్వర్ లేకపోతే గొంతు లేదు."

"అంటే నెట్ ఉంటేనే మాట వస్తుందా?" కోడలు అడిగింది.

"అవును."

"నెట్ లేకపోతే?"

"రాదు."

"ఒక్క మాట కూడా?"

"రాదండీ."

"సరే, అలా కూర్చోండి. నా తర్వాతి సాక్షి చెప్పింది విన్నాక మళ్లీ పిలుస్తాను" అంది కోడలు.

ఆ సాక్షి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులో ఉండే దంతవైద్యురాలు. క్లినిక్ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, తెల్లకోటు ఇంకా విప్పలేదు. అప్‌డేట్ రాకముందు జరిగిన సంగతి చెప్పమంది కోడలు.

"లిఫ్టు ఆగిపోయిందండీ ఆ రోజు. బేస్‌మెంట్‌కీ నేలకీ మధ్య. లోపల నేనూ, ఈవిడా, ఇంకో నలుగురూ. కరెంటు లేదు, ఎవరి ఫోన్‌కీ సిగ్నల్ లేదు. అక్కడ ఎప్పుడూ ఉండదు లెండి, కారు పెట్టడానికి వెళ్తే ఫోన్లు చచ్చిపోతాయి. నాకసలే ఇరుకు చోట్లంటే భయం. మనుషుల నోట్లోకి చూసే పని చేస్తాను గానీ, నేనే ఓ నోట్లో ఇరుక్కున్నట్టయింది. గట్టిగా అరవడం మొదలుపెట్టాను. ఒక్కసారిగా చీకట్లోంచి..." ఆవిడ ఆగి నవ్వింది. "చీకట్లోంచి స్టేషన్ గొంతు వచ్చింది. 'ప్రయాణికులకు విజ్ఞప్తి. సాంకేతిక కారణాల వల్ల లిఫ్టు కొద్దిసేపు ఆలస్యంగా నడుస్తుంది. డాక్టరుగారు అరవడం ఆపి గట్టిగా ఊపిరి పీల్చుకోవలసిందిగా కోరడమైనది' అని."

హాలు ఘొల్లుమంది. మాట లేనివాళ్ల నవ్వులు చప్పుడు లేకుండా భుజాల్లో కదిలాయి. అనౌన్సరమ్మకు కూడా ఆ లిఫ్టూ, టాబ్ వెలుగులో కనబడిన ఆ ముఖాలూ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ రోజు తలుపు తెరుచుకునేదాకా రాని బళ్లన్నీ ప్రకటించి జనాన్ని నవ్విస్తూనే ఉంది మరి.

"ఆ మాటలు టాబ్‌లోంచే వచ్చాయా?"

"ఇంకెక్కణ్నుంచి వస్తాయి?"

"నెట్ లేదని మీకు కచ్చితంగా తెలుసా?"

"ఉంటే నేను మా ఆయనకి ఫోన్ చెయ్యనూ! ఆరుగురం ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఊపుతున్నాం."

కంపెనీ వకీలు లేచాడు. "కంగారులో ఉన్న మనిషి జ్ఞాపకం మేడమ్! దీన్ని సాక్ష్యమంటే ఎలా?"

"మిగిలిన నలుగురూ బయట కూర్చున్నారు మేడమ్" అంది కోడలు. "పిలవమంటే ఒక్కొక్కరినీ పిలుస్తాను. లేదంటే ఒకే ఒక్క ప్రశ్న, ఆ అధికారినే అడుగుతాను."

ఇంజనీరు మళ్లీ వచ్చాడు. నుదురు తుడుచుకున్నాడు. కోడలు గొంతు పెంచలేదు. బల్ల దగ్గరికి వెళ్లి, పక్కింటివాళ్లని అడిగినట్టు అడిగింది.

"సిగ్నల్ లేని లిఫ్టులో మా అత్తయ్య గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందండీ?"

అతని చూపు మళ్లీ బల్ల అంచుకే పోయింది.

"చెప్పక్కర్లేదు" అంటూ వకీలు సగం లేచాడు. "ఇది కంపెనీ వ్యాపార రహస్యం..."

"కూర్చోండి" అంది అధ్యక్షురాలు. "ప్రమాణం చేసిన మనిషి ఆయన. ఆయన్నే చెప్పనివ్వండి."

ఇంజనీరు మొట్టమొదటిసారి తలెత్తి అనౌన్సరమ్మ వైపు చూశాడు. ఆవిడ కళ్లలో కోపం వెతుక్కున్నాడేమో. ఆవిడ మాత్రం గాజు అద్దం వెనక అతను తృప్తిపడనప్పుడల్లా చేసినట్టే, కనుబొమలు కాస్త పైకెత్తింది. ఏం బాబూ, ఇంకోసారి చదవనా? అన్నట్టు.

అతను మైకు వైపు వంగాడు.

"టాబ్‌లోంచే వచ్చింది" అన్నాడు. "ఆవిడ గొంతు టాబ్‌లోనే పెట్టాం. మొదట్లోనే అలా కట్టాను నేను. ఆస్పత్రిలో, ప్రయాణంలో నెట్ ఉండదు, మనిషికి మాట ఆగిపోకూడదని."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ అందులోనే ఉంది. తీసెయ్యలేదు. అప్‌డేట్‌తో తాళం వేశాం, అంతే."

వెనక బల్లలు గతుక్కుమన్నాయి. తమ చేతుల్లో ఉన్న టాబ్‌ల వైపు ఒక్కొక్కరూ వంగి చూసుకున్నారు, ఊపిరాడక పడి ఉన్న మనిషిని చూసుకున్నట్టు. ఇన్నాళ్లూ పోయిందనుకున్న గొంతును ఒళ్లోనే పెట్టుకు తిరుగుతున్నారు పాపం.

"ఎందుకు వేశారు?" అధ్యక్షురాలి గొంతు మారిపోయింది.

"పాత గొంతు పనిచేస్తూ ఉంటే కొత్తది ఎవరు కొంటారు అన్నారు."

"తాళం తియ్యగలరా?"

"తియ్యగలను. పరీక్షలు చేసేటప్పుడు వాడే సాధనం నా ల్యాప్‌టాప్‌లో ఉంది."

"అయితే తియ్యండి. ఇక్కడే, మా కళ్ల ముందే."

"మేడమ్, నా అభ్యంతరం!" అన్నాడు కంపెనీ వకీలు.

"రాసుకున్నాం. కూర్చోండి."

ఇంజనీరు ల్యాప్‌టాప్ తెచ్చి తీగ ఒకటి టాబ్‌కు తగిలించాడు. తెర నల్లగా అయి, మళ్లీ వెలిగింది. అనౌన్సరమ్మ రెప్ప వెయ్యకుండా దాన్నే చూసింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు కూడా ఇంత భయపడలేదు. అప్పుడు పోయేదేదో తెలుసు. ఇప్పుడు ఆశపడ్డాక రాకపోతే? భర్త ముందుకు వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి ఆయన ఏమీ తప్పుగా అర్థం చేసుకోలేదు.

"చూడండమ్మా" అన్నాడు ఇంజనీరు, టాబ్ ఆవిడ ముందుకు జరిపి.

ఏం రాయాలి? దారంతా బస్సులో ఎన్నో అనుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. ఎదురుగా కంపెనీ వకీలు కాగితాలు సంచీలో సర్దుకుంటూ కనిపించాడు. ఆయనకు ఇంకా జవాబు బాకీ ఉందని గుర్తొచ్చింది. గబగబా టైపు చేసి, మైకును టాబ్ దగ్గరికి వంచి, మీట నొక్కింది.

"వకీలుగారి ప్రశ్నకు జవాబు. అంగీకరిస్తున్నానని నొక్కిన మాట నిజం. మీ యాప్ వాడుకోవడానికి అంగీకరించాను. నా గొంతు మీకిచ్చెయ్యడానికి కాదు. అది నాతో పుట్టింది. మా అమ్మ దాన్ని విని నిద్ర లేచింది, నా కొడుకు దాన్ని విని నిద్రపోయాడు. మీరు దానికి పెట్టె చేశారు, సంతోషం. పెట్టె చేసినవాళ్లు అందులో నగ తమదంటే ఒప్పుకునేది లేదు."

గుండ్రంగా, తాపీగా, ప్రతి అక్షరం విడివిడిగా, ఆఖరి మాట దగ్గర కాస్త పైకి లేచే ఆ గొంతు హాలంతా నిండిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ జవాను తెలియకుండానే గోడ గడియారం వైపు చూశాడు, బండి టైమేదో అయినట్టు. కోడలు నిలబడే ఉంది గానీ, కళ్లు తుడుచుకోవడానికి నల్లకోటు చెయ్యి తప్ప ఆమెకేమీ దొరకలేదు.

అధ్యక్షురాలు ఎక్కువసేపు తీసుకోలేదు. పూర్తి తీర్పు తర్వాత ఇస్తానంటూనే, ఉత్తర్వు అక్కడికక్కడే చదివింది. మనిషి గొంతు మనిషిదే. ఏ షరతు మీద నొక్కినా అది కంపెనీ ఆస్తి కాదు. ఈ ఫిర్యాదుదారుకే కాదు, తాళం పడ్డ ప్రతి ఒక్కరికీ కంపెనీ తన ఖర్చుతో తాళం తియ్యాలి. ఇకపై ఏ అప్‌డేటూ ఆ గొంతుల జోలికి పోరాదు. "ఈ హాల్లో ఉన్నవాళ్ల సంగతి మాత్రం ఇవాళే చూడండి" అంది ఇంజనీరు వైపు తిరిగి. "మీకు కుర్చీ వేయిస్తాను."

జేజేలు కొట్టడానికి ఆ జనానికి గొంతులు లేవు. అందుకని బల్లలు బాదారు. నేల మీద కాళ్లు దబదబా కొట్టారు. పంతులుగారు నల్లపలకను సుద్దడబ్బాతో కొడుతుంటే పక్కనున్నావిడ చేతిగాజులు కుర్చీకేసి మోగించింది. ఇనుప బీరువాల తలుపులు గడగడలాడాయి. అధ్యక్షురాలు నిశ్శబ్దం అనడానికి నోరు తెరిచి, ఎందుకో మళ్లీ మూసుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. వాళ్లంతట వాళ్లు ఆపేదాకా ఆగి, "ఇక చాలు" అంది మెల్లగా.

పంతులుగారి తాళమే ముందు తీశారు. ఆయన చాలాసేపు టైపు చేశాడు. ఏదో గొప్ప మాట చెప్తాడని అందరూ చెవులు రిక్కించారు. "వెనక బెంచీ, అల్లరి ఆపండి" అని ఖంగుమంది టాబ్. కడుపుబ్బా నవ్వారు.

వరండాలోకి వచ్చాక అనౌన్సరమ్మ మొదట భర్తను కూర్చోబెట్టింది.

"ఏవండీ" అంది టాబ్‌లోంచి.

ఆ ఒక్క పిలుపుకే ఆయన గడ్డం వణికింది. "చెప్పవే."

"కిటికీ మూయమంటే కిటికీ మూయండి. ఫ్యాను వెయ్యకండి. మీ చుట్టాలను నేనెప్పుడూ ఉండమనలేదు."

"అమ్మయ్య! వచ్చేసింది, మా ఆవిడ వచ్చేసింది!" అని ఆయన దారిన పోయేవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

కోడలు నల్లకోటు విప్పి చేతిమీద వేసుకుంది. అత్తగారు ఆమెను దగ్గరికి రమ్మని, చెంప మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కింది. "అమ్మాయ్, ఇవాళ నువ్వు మాట్లాడుతుంటే నాకు గొంతు లేని సంగతే గుర్తు రాలేదు."

కోడలు ఏదో అనబోయింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. ఎవరిదో తెలియని నంబరు. చేతినిండా ఫైళ్లు ఉండడంతో స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది.

"నమస్కారమండీ!" అంది ఫోను. "మీకు రాత్రిళ్లు నడుము నొప్పిగా ఉంటోందా? మా దుకాణంలో కొత్త రకం పరుపులు వచ్చాయి. ఒక్క నిమిషం మాట్లాడవచ్చా?"

గుండ్రంగా, తాపీగా. ప్రతి అక్షరం విడివిడిగా. ఆఖరి మాట దగ్గర కాస్త పైకి లేస్తూ.

కోడలు చేతిలోని ఫైళ్లు జారి నేలమీద పరుచుకున్నాయి. అనౌన్సరమ్మ చేతులు ఒళ్లో ఉన్నాయి. టాబ్ బల్ల మీద ఉంది. ఎవరూ ఏ మీటా నొక్కలేదు.

"నువ్వు పరుపులెప్పుడు అమ్మావే?" అన్నాడు భర్త, అయోమయంగా.

"హలో, నేను చెప్పేది మీకు వినబడుతోందాండీ?" అంది ఫోను, ఆవిడ గొంతుతో, ఆవిడకెంతో ఇష్టమైన మర్యాదతో.

కోడలి ముఖం ఎర్రబడింది. ఎర్రమీట నొక్కడానికి వేలు చాపింది.

"పెట్టెయ్యకండి!"

హాల్లో తాళాలు తీస్తున్న ఇంజనీరు ఆ గొంతు విని గుమ్మం దూకినట్టు బయటికి వచ్చాడు. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు లేదు, తీసి పారేసినట్టున్నాడు. ఊపిరి అందక బల్ల పట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు. "లైను తెగనివ్వకండమ్మా. మీ గొంతులు కంపెనీలోంచి దొంగతనంగా బయటివాళ్లకు పోతున్నాయని చాన్నాళ్లుగా నా అనుమానం. ఎవరూ నమ్మలేదు. ఈ కాల్ ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవాలి, నాకు కొంచెం టైము కావాలి. అప్పటిదాకా దాన్ని ఎలాగైనా మాట్లాడిస్తూ ఉండాలి. ఎవరు మాట్లాడతారు?"

కోడలు అత్తగారి వైపు చూసింది. భర్త కూడా చూశాడు.

అనౌన్సరమ్మ మెడ రుమాలు సర్దుకుంది. టాబ్‌ను ఒళ్లోకి లాక్కుని, నిటారుగా కూర్చుని, వేళ్లు ఆడించింది. జీవితమంతా రాని బళ్ల కోసం వేలమందిని ఓపిగ్గా కూర్చోబెట్టిన మనిషికి ఇదొక పనా?

"వినబడుతోందమ్మా, బంగారంలా వినబడుతోంది" అంది టాబ్‌లోని ఆవిడ గొంతు, ఫోనులోని ఆవిడ గొంతుకు జవాబుగా. "నడుము నొప్పా? అయ్యో, అదొక పెద్ద కథ. ముందు నువ్వు చెప్పు తల్లీ, మీ పరుపులు మెత్తటివా, గట్టివా? తాపీగా చెప్పు, నాకేం తొందర లేదు."